దక్షిణపు బీడు

గడ్డి కొలిచే ఇనుప చట్రాన్ని భుజం మీదుగా వెనక్కి విసరాలి. చూడకుండా విసరాలి. అది ఆవులు నాకే ఉప్పు దిమ్మ పక్కన పడనీ, పశువుల బాట మీద పడనీ, మోకాలెత్తు గడ్డిలో పడనీ, పడ్డ చోటే లెక్క. పదకొండు వేసవులుగా ఇడెల్ మెకార్డీ ఈ నియమం తప్పలేదు. సోమవారం పొద్దున రస్టాడ్ ఉత్తరపు బీడులో తప్పింది.

అరవై అడుగులు నడిచి ఆగింది. తల తిప్పి చూసింది. ఎడమ పక్కన ఆవులు నీటి గుంటకు వెళ్ళివచ్చే సన్నటి బాట, గిట్టల కింద నలిగి నలిగి సిమెంటులా గట్టిపడి ఉంది. దానికి అటూ ఇటూ సూదిగడ్డి గాలికి ఒక్కసారిగా వాలి ఒక్కసారిగా లేస్తోంది. ఆమె మణికట్టు చిన్నగా తిరిగింది. ఇనుప చట్రం బాట మధ్యన పడి ఒకసారి ఖంగుమంది.

మోకాళ్ళ మీద కూర్చుని, చట్రం లోపలున్న నాలుగు పరకలనూ కత్తెరతో నేల మట్టానికి కోసింది. కాగితం సంచిలో వేసి కొక్కెం త్రాసుకు తగిలించింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. నోటుపుస్తకంలో ఆ అంకె వేసింది. ఎర్ర తల ఉన్న పొడవాటి మేకును ఆ చోట నేలలోకి దిగ్గొట్టింది. మేకు కొట్టడం కూడా నియమమే. రేపెవరైనా సరిచూడాలంటే చోటు తెలియాలి.

"ఒకటి," అంది పైకే.

పదింటికి పదీ అలాగే విసిరింది. నాలుగోసారి చట్రం బాట అంచున గడ్డిలోకి జారితే కాలితో బాట మీదకి నెట్టింది. నెట్టాక ఒక క్షణం బూటు వైపే చూసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుంది.

కెనడాలోని సస్కాచువాన్ దక్షిణపు కొసన నాగలి ముట్టని బీళ్ళు చాలావరకు ప్రభుత్వానివి. పశువుల వాళ్ళు లీజుకు తీసుకుని మేపుకుంటారు. పదేళ్ళకోసారి, గడువు ముగిసే ఆగస్టులో, ఇడెల్ లాంటివాళ్ళు వచ్చి ఆ ఏడు ఎదిగిన గడ్డిలో సగమైనా మిగిలిందా లేదా కొలుస్తారు. మిగిలితే ఇంకో పదేళ్ళు మేపుకోవచ్చు. మిగలకపోతే ఆ బీడు చేజారిపోతుంది. ఇరవై రెండేళ్ళ కింద రెయాల్ గోస్లాన్‌కి దక్షిణపు బీడు చేజారింది అలాగే. అది వెళ్ళి ఓర్విన్ రస్టాడ్ చేతిలో పడింది.

రెయాల్ గోస్లాన్ కూతురే ఇడెల్. మెకార్డీ అన్నది విడాకుల తర్వాత కూడా ఆమె మార్చుకోకుండా ఉంచుకున్న ఇంటిపేరు. రస్టాడ్ ఫైలు ఆఫీసులో ఇంకొకరికి వెళ్ళాల్సింది. జూన్‌లో బల్ల మీది దొంతరలోంచి తీసి తన వాటి కింద పెట్టుకుంది. ఎవరూ అడగలేదు.

పదో మేకు కొట్టి లేచేసరికి గడ్డి మధ్య నుంచి ఎవరో నడిచి వస్తున్నారు. ముందు గడ్డి టోపీ కనిపించింది, తర్వాత చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం, చంకలో ఫ్లాస్కు. రస్టాడ్ భార్య పెర్ల్.

"ఎండలో ఏం తింటున్నావో ఏమోనని తెచ్చానమ్మా," అంది ఆయాసపడుతూ. "సస్కటూన్ పళ్ళు కూరి కాల్చిన తీపి రొట్టె. పొద్దున్నే చేశాను. మా ఆయనకి కొలిచేవాళ్ళంటే పడదులే, ఆ సంగతి తెలుసు. ఆయన కాదుగా పెట్టేది."

ఇడెల్ వద్దనలేకపోయింది. ఇద్దరూ పికప్ బండి నీడలో కూర్చున్నారు. కాటుక రంగు రసం ఆమె వేళ్ళ మీది ఆకుపచ్చ మరకల్లో కలిసింది.

"ఈ ఏడు ఎలా ఉంది గడ్డి?" పెర్ల్ అడిగింది, పరీక్ష రాసి వచ్చిన పిల్లలా.

"కొలిచి చెప్పాలి."

"ఈ ఉత్తరపు బీడు నాదమ్మా. అంటే కాగితం మీద ఆయనదే అనుకో. కానీ చూసుకునేది నేను. వారం వారం మందని నేనే మారుస్తా, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఒకసారి కొరికిన పరకని మళ్ళీ లేచేదాకా కొరకనివ్వను. ఆయన నవ్వుతాడు, ఆవులకి నాట్యం నేర్పిస్తున్నావా అని." పెర్ల్ చెయ్యి చాచి, పక్కనున్న సూదిగడ్డి మొదట్లోకి వేళ్ళు పోనిచ్చింది. అడుగున నిరుటి ఎండుగడ్డి మెత్తగా పరుచుకుని ఉంది. దాన్ని తప్పించి కింది మన్ను చూపించింది. నల్లగా, తడిగా ఉంది. "చూశావా? వానొచ్చి ఇరవై రోజులైంది."

ఇడెల్ నోట్లో రొట్టె ముక్క తిరగలేదు. కాఫీతో మింగింది. వెళ్ళి మేకులు పీకేయవచ్చు, మళ్ళీ మొదటి నుంచి విసరవచ్చు, సాయంత్రం దాకా పొద్దుంది. కానీ పీకలేదు. మా అమ్మకి కూడా ఎవరైనా ఇలా రొట్టె తెచ్చి పెట్టారా మా బీడు పోయిన ఏడు, అనుకుంది. పళ్ళెం తుడిచి ఇచ్చేసింది.

మంగళవారం దక్షిణపు బీడు గేటు తీసి లోపలికి అడుగు పెట్టగానే ఇడెల్‌కి దారి తప్పానేమో అనిపించింది.

కొండ వాలు అదే. వాగు వంపు అదే. కానీ ఆ వాలు మీద ఉండాల్సిన గడ్డి లేదు. ఈ బీడు పెద్ద రోడ్డుకు దూరం, రస్టాడ్ ఇంటికి దూరం, ఎవరి కంటా పడదు. మే నెలలో మందని వదిలి అక్టోబరులో తోలుకుపోతే అడిగేవాడు లేడు. నీళ్ళు ఒక్కచోటే ఉన్నాయి గనక ఆవులు వాగు విడిచి కదలవు. మిగిలిన గడ్డి దుబ్బులు వేలెడెత్తు మట్టి దిమ్మల మీద నిలబడి ఉన్నాయి. చుట్టూ ఉన్న మన్నుని గాలి ఎత్తుకుపోయింది. ఆమె ఒక దుబ్బు పక్కన కూర్చుని, దాని వేర్ల కిందికి తన రెండు వేళ్ళు దూర్చింది. అవతల పక్క నుంచి బయటికొచ్చాయి.

నడి బీడులో ప్రభుత్వం పాతిన తీగ పంజరం ఒకటి ఉంది, పశువుల మూతి అందకుండా. దాని లోపల మూడడుగుల మేర గడ్డి ఆమె చిన్నప్పుడు చూసినట్టే ఉంది. కనుబొమ్మ గడ్డి కంకులు సన్నగా వంగి, మధ్యలో గోధుమగడ్డి నీలంగా, నిటారుగా. పంజరం తీగ దగ్గరే కత్తితో కోసినట్టు ఆ గడ్డి ఆగిపోయింది. తీగ ఇవతల బూడిద రంగు నేల.

ఇడెల్ గుండెల్లో ఏదో ఎగిసిపడింది. ఏడుపు అనుకుంది గానీ కాదు. సంతోషం. పళ్ళు బిగపట్టాల్సి వచ్చేంత సంతోషం.

చట్రాన్ని భుజం మీదుగా, చూడకుండా, ఎంత బలం ఉంటే అంత బలంగా విసిరింది. పడ్డచోటికి వెళ్ళింది. రెండు పరకలు. మళ్ళీ అరవై అడుగులు. మళ్ళీ విసిరింది. ఏమీ లేదు, ఒక ఎండిన పేడ తప్ప. కళ్ళు మూసుకుని మరీ విసిరింది. పదిసార్లలో ఆరుసార్లు కత్తెర బయటికి తీసే పనే పడలేదు. ప్రతి అంకే నిజం. ప్రతి మేకూ నిజం. రస్టాడ్ మీద అబద్ధం ఆడాల్సిన పనే లేదు, వాడే అంతా చేసి పెట్టాడు అనుకుంటూ పదో మేకుని మూడు దెబ్బలకి బదులు ఎనిమిది దెబ్బలు కొట్టింది.

తలెత్తేసరికి గేటు దగ్గర ఓర్విన్ రస్టాడ్ నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఒక భుజం కిందికి జారి ఉంటుంది, నడుస్తుంటే ఆ పక్కకే ఒరుగుతాడు. తాపీగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"రెయాల్ కూతురివి కదూ," అన్నాడు. "నిన్న దూరం నుంచే పోల్చాను. అదే నడక. మీ నాన్న కూడా చిల్లర పారేసుకున్నవాడిలా నేలకేసి చూస్తూనే నడిచేవాడు."

"గుర్తున్నాడన్నమాట మీకు."

"ఎందుకుండడు? మంచోడు. మెతకోడు." చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. "నిన్న నువ్వెళ్ళాక ఉత్తరపు బీడులో ఒక తిరుగుడు తిరిగొచ్చాను. పది మేకులు. పదీ పశువుల బాట మీదే. అంత గురి మా అల్లుడికి తుపాకీ పెట్టినా కుదరదు."

ఫోన్‌లో ఒక్కొక్క ఫోటో జరుపుతూ చూపించాడు. బాట, ఎర్ర మేకు. బాట, ఎర్ర మేకు. నాలుగోదాన్ని వేళ్ళతో పెద్దది చేశాడు. చట్రం లాగిన గీత దుమ్ములో స్పష్టంగా ఉంది.

"ఇప్పుడేంటంటారు?" అంది ఆమె.

"ఏం లేదమ్మాయ్. రెండు బీళ్ళూ బాగున్నాయని రాసి సంతకం పెట్టు. ఆ మేకులు నేను పీకి పారేస్తా. ఎవరి దారిన వాళ్ళం."

"రాయకపోతే?"

"మీ ఆఫీసరు బాబియాక్ గారికి ఈ బొమ్మలు చూపిస్తా. కొలిచే మనిషే దొంగ లెక్క రాసిందని తేలితే రిపోర్టు మొత్తం చెల్లదు, ఉత్తరమూ దక్షిణమూ రెండూ. నెలాఖరుకి గడువు. అప్పటికి చెల్లే రిపోర్టు లేకపోతే లీజు దానంతటదే ఇంకో పదేళ్ళు. ఆ రూలు మీది. నేను రాయలేదు." ఫోన్ జేబులో వేసుకున్నాడు. "ఎటు తిరిగినా ఈ బీడు నాదే. నీ ఉద్యోగం ఉంచుకుంటావా పోగొట్టుకుంటావా, అదొక్కటే నువ్వు తేల్చుకోవాల్సింది."

గాలి లేచింది. వాలు మీద నుంచి సన్నటి దుమ్ము ఒక పొరలా వాళ్ళిద్దరి బూట్ల మీదుగా సాగిపోయింది. ఇడెల్ ఆ దుమ్ము వెళ్ళిన వైపే చూస్తూ అడిగింది. "ఆ ఏడు మా గేటు తీసింది నువ్వేనా?"

ఇంతవరకూ ఉన్న 'మీరు' పోయిందని రస్టాడ్ గమనించాడు. పెదవి విరిచాడు.

"గేటు కాదు. కంచె. వాగు దగ్గర మూడు తీగలూ కోశా. మీ నాన్న అప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు, కిడ్నీలో రాళ్ళకో దేనికో. పదకొండు రోజులు నా మంద ఇక్కడే ఉంది. కొలిచేవాడు రేపొస్తాడనగా తోలుకెళ్ళి తీగలు బిగించేశా. వచ్చినవాడికి కళ్ళుంటే బాటలు చూసేవాడు. చూడలేదు. అది నా తప్పా?"

"మా నాన్న ఎవరికీ చెప్పుకోలేకపోయాడు."

"చెప్పాడు. ఎవరూ నమ్మలేదు." రస్టాడ్ గేటు వైపు తిరిగాడు. రెండడుగులు వేసి ఆగాడు. "అంత కోపంగా చూడకు. నేను మందతో చేసిన పనే నువ్వు చట్రంతో చేశావు. నేను కాస్త కష్టపడ్డాను, అంతే తేడా."

నెస్టర్ బాబియాక్‌కి పొద్దుతిరుగుడు గింజలు నమిలే అలవాటు. సిగరెట్లు మానినప్పటి నుంచి కాగితం కప్పులో పొట్టు ఉమ్ముతూ ఫైళ్ళు చదువుతాడు. బుధవారం ఎనిమిదింటికి ఇడెల్ గుమ్మంలో నిలబడితే, తల ఎత్తకుండా కుర్చీ చూపించాడు.

ఆమె కూర్చోలేదు. నోటుపుస్తకం బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఫైలు దొంతరలోంచి తీసినప్పటి నుంచి, నాలుగో చట్రాన్ని కాలితో నెట్టినదాకా. దక్షిణపు బీడు సంగతీ చెప్పింది. రస్టాడ్ ఫోటోల సంగతీ చెప్పింది. తండ్రి పేరు చివర్న చెప్పింది.

నెస్టర్ నమలడం ఎప్పుడో ఆపేశాడు.

"ఎందుకు చేశావని అడగను," అన్నాడు. "అది అర్థమవుతూనే ఉంది. ఎందుకు చెప్తున్నావు? అది చెప్పు."

"చెప్పకపోతే వాడు గెలుస్తాడండీ."

"మనస్సాక్షి అంటావనుకున్నాను."

"మళ్ళీ అబద్ధం ఎందుకు?"

ఆయన మొహంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. పుస్తకం దగ్గరికి లాక్కుని చివరి పేజీ తిప్పాడు. "సంతకం పెట్టలేదే?"

"లేదు."

"అయితే ఇది రిపోర్టు కాదు, నీ చేతిరాత. లేని రిపోర్టు చెల్లకపోవడం ఏమిటి?" పుస్తకాన్ని సొరుగులో పడేసి తాళం వేశాడు. "నెలాఖరుకి ఇంకా ఆరు రోజులుంది. రేపు నేనే వస్తాను. నువ్వూ రా. నీ మేకులు ఎక్కడెక్కడ కొట్టావో చూపిద్దువుగాని. సాయంత్రం బండి తాళాలు, త్రాసు, కత్తెర ఇక్కడ పెట్టేసి వెళ్ళిపో."

"సరేనండీ."

"అంతే కాదు. లెక్క తప్పు రాసినవాళ్ళకి ఈ జిల్లాలో లీజు ఇవ్వకూడదు. ఎప్పటికీ. ఆ కాగితం కూడా నేనే రాయాలి."

ఇడెల్ అప్పుడు కూర్చుంది. ఉద్యోగం పోతుందని దారిలోనే అనుకుని వచ్చింది. ఇది అనుకోలేదు. ఆ బీడు మళ్ళీ తన చేతికొస్తే వాగు ఒడ్డున కొత్త కంచె ఎక్కడి నుంచి ఎక్కడికి వేయాలో, నీళ్ళు పైకి తోడే గాలిమర ఏ గుట్ట మీద పెట్టాలో ఆమె మనసులో ఇరవై రెండేళ్ళుగా గీసుకుంటూనే ఉంది. ఆ సంగతి తనకే ఇప్పుడు తెలిసినట్టయింది.

"ఇప్పుడైనా మాట వెనక్కి తీసుకోవచ్చు," నెస్టర్ కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "నాకు చెవులు సరిగ్గా వినపడవని అందరికీ తెలుసు."

ఆమె కుర్చీలోంచి లేచింది. కాగితం కప్పులోని పొట్టు వైపు చూసింది.

"ఎన్నింటికి రమ్మంటారు?" అంది.

గురువారం ఉత్తరపు బీడు పని పదింటికల్లా అయిపోయింది. నెస్టర్ ముసలాడి విసురు ఎటు పడుతుందో ఆయనకే తెలియదు. పదింటిలో తొమ్మిది సంచులు త్రాసు ముల్లుని సగం దాటించాయి. పెర్ల్ కంచె దగ్గరే నిలబడి చూస్తోంది. పాత ఎర్ర మేకుల్ని ఇడెల్ ఒక్కొక్కటే పీకుతుంటే ఎందుకని అడగలేదు. అంతా తెలిసినట్టే ఉంది. ఇడెల్ ఆమె పక్కనుంచి వెళ్తూ ఏదో అనబోయింది.

"అనకమ్మా," అంది పెర్ల్. "నువ్వేమన్నా నాకు కోపమే వస్తుంది."

దక్షిణపు బీడు దగ్గర రస్టాడ్ ముందుగానే కాచుకుని ఉన్నాడు.

"మీరు మీరు ఒకటి," అన్నాడు నెస్టర్‌తో. "ఆవిడ విసిరినా మీరు విసిరినా నేను ఒప్పుకోను. ఫోటోలున్నాయి నా దగ్గర."

"చూశాను. ఆవిడే చెప్పింది, మీకంటే ముందు." నెస్టర్ చట్రం ఆయన చేతిలో పెట్టాడు. "మీరే విసరండి."

రస్టాడ్ చట్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇందులో మెలిక ఏమిటా అని ఇద్దరి మొహాలూ చూశాడు. చివరికి అరవై అడుగులు నడిచి, మంచి భుజంతో వెనక్కి విసిరాడు. వట్టి నేల. నెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వట్టి నేలనే శ్రద్ధగా చూసి, సున్నా రాసుకున్నాడు. రెండోసారి మట్టి దిమ్మ మీద ఒంటి దుబ్బు. మూడోసారి సున్నా. ఇడెల్ దూరంగా, నీడ కూడా వాళ్ళ మీద పడకుండా నడిచింది. ప్రతిసారీ చట్రం నేలకి తగిలిన చప్పుడు వింది. గడ్డిలో పడితే చప్పుడు రాదు. ఇక్కడ ప్రతిసారీ వచ్చింది.

ఏడోసారి నుంచీ రస్టాడ్ వేగం తగ్గింది. తొమ్మిదో దాని తర్వాత టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. పదోసారి దాచుకోకుండానే తల వెనక్కి తిప్పాడు. వాగు వైపు ఒక పచ్చటి మేర ఉంది, గొడ్డలి పిడి అంత పొడవున. దాని మీదికే గురి చూసి విసిరాడు. నెస్టర్ అడ్డు చెప్పలేదు. చట్రం సరిగ్గా అక్కడే పడింది.

ముగ్గురూ వెళ్ళి చూశారు. అది గడ్డి కాదు. పశువు మూతి పెట్టని చేదు మొక్క. మంచి గడ్డి చచ్చినచోట మొలుస్తుంది.

రస్టాడ్ వంగి ఒక ఆకు తుంపి వాసన చూశాడు. పారేశాడు.

"ఈ బీడు ఇవాళ్టి నుంచి మూత," అన్నాడు నెస్టర్ పెన్సిల్ జేబులో పెట్టుకుంటూ. "ఆరేళ్ళు. తర్వాత మళ్ళీ చూస్తాం. ఉత్తరపు బీడు మీకే ఉంటుంది, అది మీ ఆవిడ చలవ. మందని ఇప్పుడే తోలేయండి."

"ఇంత మందని ఎక్కడ పెట్టమంటారు?"

"ఎండుగడ్డి మీద పెట్టండి. లేదా అమ్మండి."

"మరి ఆరేళ్ళ తర్వాత ఇది ఎవరికి?"

"ఎవరికో. ఆవిడకి మాత్రం రాదు."

రస్టాడ్ ఇడెల్ వైపు తిరిగాడు. మొహంలో కొంచెం రంగు తిరిగి వచ్చింది. "విన్నావా? నీకూ దక్కలేదు. ఇంత చేసీ."

"విన్నాను," అంది ఇడెల్. "నిన్నే విన్నాను. విన్నాకే వచ్చాను."

ఇలాంటి మనిషితో ఏ బేరం పెట్టాలో ఆయనకి తోచలేదు.

మందని తోలడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పెర్ల్ పికప్‌తో వాగు అవతల నుంచి తరిమింది, ఆయన నాలుగు చక్రాల మోటారు బండి మీద ఇవతల నుంచి. ఆవులు కదలడానికి ఇష్టపడలేదు. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. గేటు బయట గడ్డి కనిపించగానే ముందువి పరుగందుకున్నాయి, వెనకవి దూడల్ని కూడా మరిచిపోయి వాటి వెంట పడ్డాయి. నెస్టర్ తన జీపులో కూర్చుని కాగితాలు రాస్తున్నాడు. ఇడెల్ గేటు పక్కన నిలబడింది. ఆమెని అక్కడ ఉండమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు.

ఆఖరి దూడ దాటాక రస్టాడ్ బండి దిగి గేటు దగ్గరికి వచ్చాడు. అది తీగ గేటు. కొస కర్రని అడుగున ఉచ్చులో పెట్టి, భుజంతో గుంజకి అదిమి, పైన తీగ తగిలించాలి. కొత్తగా బిగించిన తీగ. ఒక్కడి వల్ల తేలిగ్గా అయ్యే పని కాదు, అందులోనూ ఒంటి భుజం మనిషి వల్ల. మొదటిసారి కర్ర జారి మోచేతికి తగిలింది. రెండోసారి పైన తీగ అంగుళం దూరంలో ఆగిపోయింది. గుంజని కావిలించుకుని ఆయాసపడుతూ, అడగకుండానే, ఆమె వైపు చూశాడు.

పల్లెలో పుట్టిన మనిషికి అలాంటప్పుడు చేతులు వాటంతటవే వెళ్తాయి. ఇడెల్ చేతులు కూడా జేబుల్లో కదిలాయి. ఆమె వాటిని అక్కడే పిడికిళ్ళు బిగించి పట్టుకుంది.

మూడోసారికి గేటు పడింది.